కేజీహెచ్ ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా పేటలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఆసుపత్రికి తోడెళ్లేవాళ్లం కొందరం ఉన్నాం. ఒకప్పుడు మమ్మల్ని "ఏ డాక్టరు హస్తవాసి మంచిది?" అని అడిగేవారు. ఇప్పుడు "ఏ కార్డు పట్టుకెళ్లాలి?" అంటున్నారు. ఆరోగ్యశ్రీ పథకం పేరు మారింది, డబ్బు పరిమితి మారింది, ఓపీ చీటీ ఫోన్‌లోకి ఎక్కింది, డెబ్బై దాటినవాళ్లకి వేరే కార్డొచ్చింది, ప్రైవేటు బీమా నిబంధనలూ మారాయి. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని అన్నీ ఒకచోట రాసిపెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే వెళ్లండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. కౌంటర్ దాకా వెళ్లి ఉత్తి చేతులతో తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమందికి అడ్డుపడింది ఆధార్‌కి లింకైన ఫోన్ దగ్గర లేకపోవడమే. బయల్దేరేముందు ఆ ఫోన్ ఎవరి జేబులో ఉందో చూసుకోండి.

## ఇంట్లో ఉన్నప్పుడు

జ్వరానికీ, బీపీ షుగర్ మందులకీ కూడా కేజీహెచ్‌కే (కింగ్ జార్జ్ ఆసుపత్రికే) వెళ్లాలా?

అక్కర్లేదు. మీ వార్డుకి దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం ఇందుకే ఉంది. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్కన సుమారు 50 వేల జనాభాకి ఒకటి. ఎంబీబీఎస్ డాక్టరు, నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ ఉంటాయి. బోర్డు మీద పేరు చూసి తికమక పడొద్దు. అర్బన్ హెల్త్ సెంటర్, యూపీహెచ్‌సీ, అర్బన్ హెల్త్ క్లినిక్, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్... పేర్లు మారుతూ వచ్చాయి గానీ లోపల చేసే పని అదే. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు అక్కడ నమోదు చేసుకుని మందులిస్తారు. మీ వార్డు సచివాలయం ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో అడిగితే మీ ఇల్లు ఏ కేంద్రం కిందికొస్తుందో చెప్తారు.

కేజీహెచ్ 1923 నాటి ఆసుపత్రి. ఉత్తరాంధ్ర మొత్తానికీ, ఒడిశా సరిహద్దు ఊళ్లకీ అదే పెద్ద దిక్కు. దగ్గు మందు కోసం మనం నిలబడే వరసలోనే తెల్లవారకముందే పాడేరులో బస్సెక్కిన మనిషి కూడా నిలబడాల్సి వస్తోంది. అది కూడా కాస్త ఆలోచించాలి.

రిఫరల్ చీటీ లేకుండా పెద్దాసుపత్రికి వెళ్తే చూడరా?

చూస్తారు. అత్యవసరమైతే ఏ కాగితమూ లేకపోయినా క్యాజువాలిటీలో చూడాల్సిందే. కానీ మామూలు ఓపీకి చీటీ ఉంటే పని తేలికవుతుంది. ఏ విభాగానికి వెళ్లాలో అందులోనే రాసుంటుంది కాబట్టి ముందు జనరల్ మెడిసిన్‌లో కూర్చుని, అక్కడి నుంచి మరో బ్లాకుకి నడవాల్సిన పని తప్పుతుంది. ఇంకో సంగతి: బోధనాసుపత్రుల్లో ఒక్కో విభాగంలో యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో ఫలానా ఓపీ రోజులని ఉంటాయి. ఒకసారి చూపించుకున్నాక మీ చీటీ మీద యూనిట్ నంబరు చూసుకుని మళ్లీ ఆ రోజే వెళ్లండి. లేకపోతే కొత్త డాక్టరుకి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఏ జబ్బుకి ఏ ఆసుపత్రి?

కాన్పులకీ, ఆడవాళ్ల సమస్యలకీ కేజీహెచ్‌తో పాటు వన్‌టౌన్‌లో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి ఉంది. "ఘోషాసుపత్రి" అంటే ఆటోవాళ్లకి వెంటనే తెలుస్తుంది. చెవి ముక్కు గొంతు, ఛాతీ, మానసిక వైద్య ఆసుపత్రులు వాల్తేరు వైపున్నాయి. కంటికి ప్రాంతీయ కంటి ఆసుపత్రి. హనుమంతవాక దగ్గర మరో ప్రభుత్వ పెద్దాసుపత్రి విమ్స్, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఉద్దానం కిడ్నీ రోగులు ప్రతిదానికీ విశాఖ రానక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

మాది అనకాపల్లి జిల్లా అయిపోయింది కదా, కేజీహెచ్‌లో చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా మూడైంది. విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలొచ్చాయి. దాంతో మారింది జిల్లా వైద్యాధికారి కార్యాలయం, ఫిర్యాదు ఎవరికివ్వాలన్నది. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎవరూ జిల్లా అడగరు.

కుక్క కరిచింది. ఇంజెక్షన్ ఎక్కడ? ఎన్ని?

ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. కట్టు కూడా కట్టొద్దు. టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. చర్మంలోపలికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా వేయాలి. అది చిన్న కేంద్రాల్లో లేకపోతే పెద్దాసుపత్రికి పంపుతారు. "మూడు వేశారు, తగ్గిపోయింది" అని నాలుగోది మానేసేవాళ్లు ఎక్కువ. మానొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు.

108కి చేస్తే మేం చెప్పిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తారా?

దగ్గర్లో ఆ కేసుకి సరిపోయే ఆసుపత్రికి తీసుకెళ్లడం వాళ్ల పద్ధతి. ఫోన్ చేసినప్పుడు వీధి పేరొక్కటే చెప్తే చాలదు. గుడి, పెట్రోలు బంకు, ఫ్లైఓవర్ దిగాక ఎడమా కుడా, అన్నీ చెప్పండి. ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి. రామ్‌నగర్లూ, గాంధీనగర్లూ మన ఊళ్లో ఒకటి కాదు.

మనసు బాగోలేదు. ఎవరికీ తెలియకుండా మాట్లాడే వీలుందా?

14416కి చేయండి. టెలీ మానస్ సేవ ఇది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

## ఓపీ కౌంటర్ దగ్గర

గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటున్నారు. నా దగ్గర బటన్ ఫోనే ఉంది. చీటీ ఇవ్వరా?

ఇస్తారు. స్కాన్ చేయడమన్నది వరస తగ్గించడానికే. ఆభా (ఆరోగ్య ఖాతా) యాప్ ఉన్నవాళ్లు కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు వాటంతటవే కంప్యూటర్లోకి వెళ్లి టోకెన్ నంబరు వస్తుంది. కౌంటర్లో ఆ నంబరు చెప్తే చీటీ ముద్రిస్తారు. ఫోన్ లేనివాళ్ల వివరాలు సిబ్బంది నమోదు చేయాలి.

మా తోడొచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ఫోను తెర పగిలి, సరిగ్గా క్యూఆర్ చదవాల్సిన చోటే నల్లగా అయిపోయింది. వెనకనున్న కాలేజీ అబ్బాయి తన ఫోన్లో చేయబోతే అతని వివరాలే వెళ్లిపోయాయి. టోకెన్ అతని పేరు మీద వచ్చింది! ఇంకొకరి ఫోన్లో వాళ్ల ఆభాతో స్కాన్ చేస్తే చీటీ మీద వాళ్ల పేరే పడుతుంది. రిపోర్టులు కూడా అదే పేరు మీద వస్తాయి. వీల్లేకపోతే నేరుగా కౌంటర్‌కే వెళ్లండి.

ఆభా నంబరు తప్పనిసరా? మా వివరాలు ఎవరికైనా వెళ్తాయా?

తప్పనిసరి కాదు. అది లేదని వైద్యం నిరాకరించకూడదు. ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. ఆధార్‌తో గానీ, డ్రైవింగ్ లైసెన్సుతో గానీ తీసుకోవచ్చు. మీ పాత రిపోర్టులు ఇంకో ఆసుపత్రి చూడాలంటే మీ ఫోన్‌కి అనుమతి అడుగుతూ సందేశం రావాలి, మీరు ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి వైద్యం నడిచే కిడ్నీ, గుండె, క్యాన్సర్ రోగులకి ఇది తీసుకుంటే మంచిదనే మా మాట. ఒక పూట జ్వరానికి కంగారు లేదు.

ఇంకో అపోహ ఉంది. ఆభా కార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం కాదు. అది గుర్తింపు నంబరు. ఉచిత వైద్యమిచ్చేది ఎన్టీఆర్ వైద్యసేవ, ఆయుష్మాన్ కార్డులు.

ఆధార్‌కి మా అబ్బాయి పాత నంబరు ఉంది. ఆ సిమ్ము ఇప్పుడు లేదు. ఏం చేయాలి?

ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి కొత్త నంబరు చేర్పించుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి రుసుము 75 రూపాయలు. కొన్ని పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో కూడా ఆధార్ కౌంటర్లు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే జబ్బు చేయకముందే ఈ పని చేయించండి. ఐసీయూలో ఉన్న మనిషి వేలిముద్ర కోసం పడే పాట్లు మేం చూశాం.

పాత కాగితాలన్నీ మోసుకెళ్లాలా?

వెళ్లాలి. కంప్యూటర్లో ఉంటుందన్న నమ్మకంతో ఇంట్లో పెట్టి రావొద్దు. మందుల చీటీలు తేదీల వారీగా పేర్చి, పైన ఆఖరి డిశ్చార్జి కాగితం పెట్టండి. ఎక్స్‌రే ఫిలిం మడవొద్దు. వాడుతున్న మాత్రల పేర్లు నోటికి రాకపోతే ఖాళీ స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్లండి.

మందులు బయట కొనుక్కోమంటే?

ముందు అదే డాక్టర్ని ఆసుపత్రి ఫార్మసీలో ఉన్న మందు రాయగలరా అని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఉంటుంది. బయట కొనక తప్పకపోతే మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకుని, చవగ్గా జెనరిక్ మందులమ్మే జన్ ఔషధి దుకాణానికి వెళ్లండి. బ్రాండు పేరొక్కటే రాసుంటే అక్కడ వెతుక్కోవడం కష్టం.

## ఆసుపత్రిలో చేరేటప్పుడు

ఆరోగ్యశ్రీ తీసేశారా? ఎన్టీఆర్ వైద్యసేవ వేరే పథకమా?

తీసేయలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది. 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. సందేహాలకి 104.

బియ్యం కార్డు లేదు. మాకు వర్తించదా?

బియ్యం కార్డొక్కటే కొలమానం కాదు. ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకి వర్తించేలా నిబంధన సడలించారు. సొంత కారు ఒకటి ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. సచివాలయంలో మీ కుటుంబం వివరాలు ఎలా నమోదయ్యాయో ఒకసారి చూపించుకోండి. పెళ్లయిన కొడుకు, కోడలు, పుట్టిన పిల్లల పేర్లు చేర్చకపోవడం దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డకి ఆపరేషన్ అవసరమై, పేరు లేక పరుగులు పెట్టే తండ్రులకి మా సలహా ఒకటే: ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని పట్టుకోండి, తల్లి కార్డుతో ఎలా నమోదు చేయాలో వాళ్లు చూస్తారు.

25 లక్షలంటారు, 5 లక్షలంటారు, ఈమధ్య 2.5 లక్షలంటున్నారు. ఏది నిజం?

మూడూ నిజమే. మూడూ వేర్వేరు. రాష్ట్ర పథకం కింద కుటుంబానికి ఏడాదికి వైద్య ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకి పెంచారు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షలు. ఇక 2.5 లక్షలన్నది 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలోది. ఆదాయంతో పని లేకుండా 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, పేద కుటుంబాలకి అది దాటి 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ద్వారా చెల్లింపు అన్నది అందులో ఏర్పాటు. వార్తలో ఆమోదం అని చదివి కౌంటర్లో వాదించొద్దు. చేరిన రోజున ఏది అమల్లో ఉందో ఆరోగ్యమిత్ర కంప్యూటర్లో చూసి చెప్తారు.

పథకంలో ఉన్న ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రిలో ముందు అడ్వాన్సు కట్టమన్నారు. కట్టాలా?

పథకంలో ఉన్న చికిత్సకి కట్టనక్కర్లేదు. కట్టేముందే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడని అడగండి. ప్రవేశద్వారం దగ్గరే ఉండాలి. పని జరిగే తీరు ఇది: కార్డు లేదా ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు, డాక్టరు పరీక్షలు రాస్తారు, ఆ రిపోర్టులతో ట్రస్టుకి అనుమతి కోసం పంపుతారు, అనుమతి వచ్చాక ఆపరేషన్. ప్రాణం మీదికొచ్చిన కేసయితే ఫోన్‌లోనే అనుమతి తీసుకునే ఏర్పాటుంది, కాబట్టి "అప్రూవల్ రాలేదు, ఈలోపు డబ్బు కట్టండి" అన్న మాట అత్యవసరంలో చెల్లదు.

ఎక్కువ గొడవ వచ్చేది "ముందు ప్రైవేటుగా చేరండి, తర్వాత పథకంలోకి మారుస్తాం" అన్న మాట దగ్గర. తర్వాత మార్చడం కష్టం. కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం ఇంకా కష్టం. ఎవరైనా డబ్బు తీసుకుంటే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే అక్కడే నిలబడి 104కి ఫోన్ చేయండి. మేం చూసినంతలో ఆ ఫోన్ కాల్ మొదలవగానే గొంతు మారుతుంది.

ఈ ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలోనే చేయించుకోవాలంటున్నారు. నిజమేనా?

నిజమే కావచ్చు. పథకంలో కొన్ని చికిత్సల్ని ప్రభుత్వాసుపత్రులకే కేటాయించారు. అనవసరంగా గర్భసంచులు తీసేసిన కాలం గుర్తున్నవాళ్లకి అందులో అర్థం తెలుస్తుంది. మీ చికిత్స ఆ జాబితాలో ఉందో లేదో 104లో చెప్తారు.

బకాయిల గొడవతో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తే మా గతేంటి?

2025 అక్టోబరులో అలాగే జరిగింది. అలాంటప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో పథకం నడుస్తూనే ఉంటుంది. డయాలసిస్, కీమో లాంటివి మధ్యలో ఆగకూడదు కాబట్టి, సమ్మె వార్త వినగానే కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో సంబంధిత విభాగానికి మీ రిపోర్టులతో వెళ్లి పరిస్థితి చెప్పి ఉంచండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు.

అమ్మకి 72 ఏళ్లు. నేను ఉద్యోగిని, పన్ను కడతాను. ఆవిడకేమీ రాదా?

వస్తుంది. ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. 70 నిండిన ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. ఆధార్‌లో ఉన్న వయసే లెక్క. అంతకుముందే ఉన్న జబ్బులకీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. నాన్న కూడా డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. నమోదుకి ఆధార్, దానికి లింకైన ఫోన్ కావాలి.

నాన్న నేవీలో రిటైరయ్యారు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది. ఆ కార్డు కూడా తీసుకోవచ్చా?

రెండూ కుదరవు. ఈసీహెచ్ఎస్ గానీ, కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్ గానీ ఉన్నవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈసీహెచ్ఎస్‌లో ఓపీ, మందులు కూడా వస్తాయి, వయ వందన ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే. తొందరపడి మార్చుకోవద్దంటాం. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నవాళ్లకి మాత్రం ఈ అడ్డంకి లేదు, అది ఉంచుకునే ఇదీ తీసుకోవచ్చు.

ఎన్ఏడీ జంక్షన్ దగ్గర యాక్సిడెంట్ చూసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పోలీసులు నన్ను ఇరికిస్తారా? ఖర్చెవరు పెట్టుకోవాలి?

మిమ్మల్ని ఆపడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పడం మీ ఇష్టం, సాక్షిగా ఉండమని బలవంతం చేయకూడదు. డబ్బు కట్టమని కూడా మిమ్మల్ని అడగకూడదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. అది గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లోనే. వేరేచోట చేర్చితే పరిస్థితి నిలకడయ్యేదాకా చూసి పంపాలి. పోలీసులకి సమాచారం వెళ్లాలి కాబట్టి 112కి ఫోన్ చేయండి.

## వార్డులో

రక్తానికి డబ్బు అడిగారు. రక్తం అమ్మకూడదు కదా?

అమ్మకూడదు. తీసుకోగలిగేది పరీక్షలు, నిల్వకి అయ్యే ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రమే. 2024 జనవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాట మరోసారి స్పష్టం చేసింది. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోశ్‌లో చూడొచ్చు. తలసేమియా, సికిల్‌సెల్ పిల్లల తల్లిదండ్రులు కార్డు చూపించి ఛార్జీ మినహాయింపు అడగాలి.

స్ట్రెచర్ తోయడానికి, బిడ్డని చూపించడానికి డబ్బులడుగుతున్నారు. ఇవ్వకపోతే రోగిని సరిగ్గా చూడరేమోనని భయం.

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. ఇవ్వొద్దని చెప్పడం తేలిక, లోపల మన మనిషి ఉన్నప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. అది మాకూ తెలుసు. చేయగలిగిందల్లా ఎవరు, ఏ వార్డు, ఏ షిఫ్టు, ఎంత అన్నది కాగితం మీద రాసుకోవడం. డ్యూటీలో ఉన్న ఆర్ఎంఓకి (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌కి) నోటిమాటగా, సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. రోగి పేరు రాయడానికి భయమైతే డిశ్చార్జి అయ్యాక ఇవ్వండి, అప్పుడూ పనికొస్తుంది. అవినీతి నిరోధక శాఖ నంబరు 1064.

వార్డులో ఎంతమంది ఉండొచ్చు?

పాస్ ఉన్న ఒక్కరు. ప్రసవ వార్డులో అది ఆడమనిషి అయితే మంచిది. మిగతావాళ్లు సందర్శన వేళల్లో రండి.

## కాన్పు

ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్‌కి ఎంతవుతుంది?

ఏమీ అవ్వకూడదు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మామూలు కాన్పయినా, సిజేరియనయినా మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చడం అన్నీ ఉచితం. బిడ్డకి ఏడాది నిండేదాకా జబ్బు చేస్తే చూపించుకోవడం కూడా. తల్లీబిడ్డల్ని ఇంటికి దింపే వాహనం కోసం 102. డిశ్చార్జి రాసిన వెంటనే చెప్పాలి, సంచులు సర్దుకుని గేటు దగ్గరికొచ్చాక చేస్తే చెట్టు కింద గంటలు గంటలు కూర్చోవాల్సిందే.

జనన ధృవపత్రం ఆసుపత్రే ఇస్తుందా?

ఆసుపత్రిలో పుడితే నమోదుకి సమాచారం వాళ్లే పంపుతారు. 21 రోజుల్లో నమోదైతే రుసుము లేదు. ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం అక్షరం చూసుకోండి. బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు, ఏడాదిలోపయితే ఉచితం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడి, పాస్‌పోర్టు వగైరాలకి పుట్టిన తేదీ రుజువు ఈ కాగితమే. బారసాల హడావుడిలో మర్చిపోయి, బడిలో వేసే ఏడు తప్పులు దిద్దించుకోవడానికి తిరిగేవాళ్లు బోలెడంతమంది.

## డిశ్చార్జి

ఇంటికి పంపేస్తున్నారు. ఏమేం చేతికి రావాలి?

డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టులు, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరితే 10 రోజుల మందులు కూడా. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. చదువు రానివాళ్లయితే ఆరోగ్యమిత్రతో చదివించుకోండి.

కేసు షీట్ కాపీ అడిగితే ఇవ్వట్లేదు.

రాతపూర్వకంగా అడగండి, తేదీ వేసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగిగానీ, అధికారం పొందినవాళ్లుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. వేరే ఊరు తీసుకెళ్లేవాళ్లకి, బీమా క్లెయిము వేసేవాళ్లకి ఇది చాలా అవసరం.

బిల్లు మొత్తం కట్టేదాకా మనిషిని పంపనంటున్నారు.

బిల్లు తగాదా ఉందని రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపి ఉంచకూడదని రోగుల హక్కుల పత్రం చెప్తోంది. బాకీ వసూలుకి వాళ్లకి వేరే దారులున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులన్నీ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద నమోదై ఉండాలి. ఆ ఫిర్యాదు తీసుకునేది జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి. మనిషిని ఆపేస్తే మాత్రం ముందు 112.

మన్యం నుంచి వచ్చాం. చనిపోయిన మనిషిని ఊరికెలా తీసుకెళ్లాలి?

కేజీహెచ్‌లో గిరిజన రోగుల కోసం ఎస్టీ సెల్ ఉంది. చేరినప్పటి నుంచే వాళ్లకి తెలియజేయండి. భాష తెలియకపోయినా, డబ్బు లేకపోయినా మాట్లాడిపెట్టేది వాళ్లే. మృతదేహాన్ని ఊరికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనం ఉచితం. మార్చురీ బయట నిలబడే ప్రైవేటు బండ్లతో బేరం మొదలుపెట్టకముందే వార్డు సిస్టర్ ద్వారానో, ఎస్టీ సెల్ ద్వారానో వాహనం అడిగించండి. మరణ కారణం రాసిన ధృవపత్రం కాపీ కూడా తీసుకోండి, తర్వాత దాని కోసం మళ్లీ కొండ దిగి రావాల్సి వస్తుంది.

టీబీ అని తేలింది. ఇంటికెళ్లిపోయాక డబ్బులొస్తాయంటున్నారు, ఎంత?

చికిత్స నడిచినన్ని నెలలూ నెలకి 1,000 రూపాయలు, పోషకాహారానికి. 2024 నవంబరు దాకా 500 ఉండేది. రోగి పేరు టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదై, బ్యాంకు ఖాతా వివరాలిస్తేనే పడుతుంది.

## సొంత బీమా ఉన్నవాళ్లకి

ప్రీమియం మీద జీఎస్టీ పోయిందట, నిజమేనా?

వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా మీద 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. కంపెనీ తరఫున ఇచ్చే గ్రూపు పాలసీలకి ఇది వర్తించదు.

షుగర్ ఉందని క్లెయిము కొట్టేశారు. నాలుగేళ్లు ఆగాలట.

2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకి వేచి ఉండే గడువు గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ ఆపకుండా అయిదేళ్లు కడితే, మోసం రుజువైతే తప్ప, "అప్పుడు చెప్పలేదు" అన్న సాకుతో క్లెయిము తోసేయకూడదు. ఏజెంటు ఫారం నింపుతూ "షుగర్ రాయొద్దు, ప్రీమియం పెరుగుతుంది" అంటే ఒప్పుకోవద్దు. క్లెయిమప్పుడు ఆ ఏజెంటు ఫోనెత్తడు.

డాక్టరు పొద్దున్నే డిశ్చార్జి రాశారు. బీమా అనుమతి రాక సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అదనపు గది అద్దె మేమే కట్టాలా?

2024 నిబంధనల ప్రకారం నగదురహిత చికిత్స అభ్యర్థన మీద బీమా కంపెనీ గంటలో, డిశ్చార్జి తుది అనుమతి మీద మూడు గంటల్లో నిర్ణయం చెప్పాలి. వాళ్ల ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. ఆసుపత్రి కాగితాలు ఎన్ని గంటలకి పంపిందో ఆసుపత్రిలో బీమా పనులు చూసే టీపీఏ డెస్కులో అడిగి, ఆ సందేశం ఫొటో తీసి పెట్టుకోండి. ఆలస్యం కంపెనీదో ఆసుపత్రిదో తేలేది దానితోనే.

కంపెనీ మా ఫిర్యాదు పట్టించుకోవట్లేదు. కోర్టుకెళ్లాలా?

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రం హైదరాబాద్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. వకీలు అక్కర్లేదు, రుసుము లేదు, 50 లక్షల వరకు విలువున్న తగాదాలు తీసుకుంటారు. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపే వేయాలి, ఆ గడువు దాటితే తీసుకోవడం కష్టం.